మూడు పాత వాచీలు, ఒకే ధర: డయల్, ముళ్లు చూసి ఏది తీసుకోవాలి?

కావలి నుంచి మా బావమరిది మొన్న వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపాడు. "బావా, మూడూ ఒకే రేటంట, నాలుగు వేల లోపే. ఏది తీసుకోమంటావు?" అని కింద ఒక మెసేజ్.

మొదటిది ఫావ్రే-లూబా సీ కింగ్. మన పెద్దవాళ్ల నోట అది ఫేవర్‌లూబా. నెమలికంఠం రంగు డయల్, ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టు మెరిసిపోతోంది. రెండోది హెచ్‌ఎంటీ జనతా. ఒకప్పుడు తెల్లగా ఉన్న డయల్ మీగడ రంగుకు తిరిగింది, అంచు దగ్గర నాలుగైదు గోధుమ రంగు చుక్కలు, అద్దం నిండా గీతలు. మూడోది సీకో 5, ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చుకున్నది. డయల్ మీద వయసు కనిపిస్తోంది, ముళ్లు మాత్రం పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

వాడి మనసు నీలం దాని మీదుందని అడక్కుండానే తెలిసిపోయింది. ఎవరికైనా అంతే. ఈ పిచ్చిలో పడిన మొదటి ఏడాది నేను కొన్న నాలుగింటిలో మూడు అలాంటి రంగురంగులవే. ఇప్పుడవి బిస్కెట్ డబ్బాలో పడున్నాయి. వాడికి ఫోన్లో అరగంట చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను.

పాత వాచీ అనగానే అందరూ మొదట అడిగేది "బాగా నడుస్తుందా?" అని. నడక గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. జనతాలో ఉండే 0231 మెషిన్ విడిభాగాలు పాడైన వాచీల్లోంచి ఇప్పటికీ దొరుకుతాయి. అద్దం మారుతుంది, కీ మారుతుంది, బెల్టు ఎలాగూ మారుతుంది. డయల్ సంగతి అలా కాదు. దాని మీద ఒకసారి కొత్త రంగు పడితే కింద ఉన్నది తిరిగి రాదు. తుడిచి మళ్లీ రాసుకోవడానికి అది మార్కాపురం పలక కాదు కదా. అందుకే పాత వాచీకి మనం ఇచ్చే డబ్బులో పెద్ద వాటా డయల్‌ది, ఆ తర్వాత ముళ్లది.

నేను చూసేది ఒకటే. డయల్, ముళ్లు, కేసు (బయటి లోహపు ఒళ్లు) మూడూ ఒకే ఊరి నీళ్లు తాగినట్టు ఉన్నాయా? యాభై ఏళ్లు కలిసి బతికినవి ఒకేలా ముసలివవుతాయి. ఒకటి ముసలిదై, ఇంకొకటి పడుచుగా ఉందంటే, మధ్యలో ఎవరో చేయి పెట్టారు.

డయల్ కంపెనీదా, మళ్లీ వేసిందా?

డయల్ ఎలా తయారవుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అది సన్నటి ఇత్తడి రేకు. వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి మెషిన్‌లో కూర్చుంటాయి. ముందువైపు వెండి పూతో రంగో వేస్తారు. నడిమి నుంచి అంచుకు సన్నటి గీతలు పడేలా బ్రష్ చేసిన డయల్ అయితే, వాచీ తిప్పినప్పుడల్లా వెలుగు విసనకర్రలా తిరుగుతుంది. పైన పలచటి లాకర్ పూత, అంటే రంగు లేని వార్నిష్ లాంటిది. అక్షరాలు, నిమిషాల గీతలు అద్దే పద్ధతి వేరు. స్టీలు పలక మీద చెక్కిన అక్షరాల్లో సిరా నింపి, మెత్తటి దిండులాంటి దాంతో ఆ సిరాను పైకెత్తి డయల్ మీద అద్దుతారు. అలా పడిన సిరా మందంగా నిలబడుతుంది. కొన్ని పెళ్లిపత్రికల మీద వేలితో తడిమితే అక్షరం ఉబ్బెత్తుగా తగులుతుంది చూశారూ, ఐగ్లాసులో, అంటే వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంలో, కంపెనీ డయల్ అక్షరం అలా కనిపిస్తుంది. అంచు కోసినట్టుంటుంది, నలుపు నిండుగా ఉంటుంది.

పాత డయల్ మీదే రంగు, అక్షరాలు మళ్లీ వేసేవాళ్లు ముందు పాత రంగును గీకో కడిగో తీసేస్తారు. దాంతోపాటు ఆ బ్రష్ గీతలూ అరిగిపోతాయి. పైన స్ప్రే కొడతారు, ఆ పైన చవక ప్రింటు. చీమకుర్తి గెలాక్సీ రాయిలో మెరుపు రాయి లోపల ఉంటుంది, పైన పూసింది కాదు. కంపెనీ డయల్ మెరుపూ అంతే, లోహంలోంచి వస్తుంది. స్ప్రే కొట్టిన డయల్ కొత్తగా పెయింటు వేయించిన బైక్ ట్యాంకులా ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తుంది.

ఐగ్లాస్ లేకపోతే ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి జూమ్ చేసినా చాలు. ముందు అక్షరాల అంచు చూడండి. తడి కాగితం మీద ఇంకు పెన్నుతో రాసినట్టు చెదిరిందంటే అనుమానించాలి. తర్వాత 12 దగ్గరి గుర్తు, దాని కింద కంపెనీ పేరు, అట్టడుగున 6 గుర్తు, ఈ మూడింటి మీదుగా ఒక దారం పట్టుకున్నట్టు ఊహించుకోండి. పేరు ఆ దారానికి అటూ ఇటూ సమానంగా ఉండాలి. నిమిషాల గీతల్లో అయిదో గీత, పదో గీత అతికించిన గంటల గుర్తుల నడిమికి సరిగ్గా రావాలి. మళ్లీ ప్రింటు చేసినవాళ్లు పేరు దగ్గర జాగ్రత్తపడతారు గానీ ఇక్కడ జారిపోతారు. 12 దగ్గర కలిసిన గీత 4 దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది.

నాకు అన్నిటికంటే నమ్మకమైన చోటు అతికించిన గుర్తుల పాదాలు. గంటల గుర్తులు విడి లోహపు ముక్కలు, డయల్‌లో చిన్న రంధ్రాలు పెట్టి దిగ్గొడతారు. కంపెనీ డయల్‌లో గుర్తు మొదలు శుభ్రంగా, రేకు మీద నిలబెట్టినట్టు ఉంటుంది. గుర్తులు తీయకుండా పైనుంచి స్ప్రే కొడితే రంగు వాటి మొదట్లో చేరి ఆగుతుంది, గోడకు సున్నం వేసినప్పుడు స్విచ్‌బోర్డు చుట్టూ చేరినట్టు. తేదీ కిటికీ అంచుల దగ్గర, చిన్న సెకన్ల వృత్తం ఉంటే దాని లోపలి సన్నటి వలయాల్లో కూడా ఇదే కథ. వలయాలు రంగుతో పూడిపోయి కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు.

స్విస్ వాచీ అయితే 6 కింద అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో స్విస్ అనో స్విస్ మేడ్ అనో ఉంటుంది. కొనేవాళ్లు చూడరన్న ధీమాతో మళ్లీ వేసేవాళ్లు దాన్ని వదిలేస్తారు, లేదా అంచుకు మరీ దగ్గరగా వేసి సగం కేసు కింద దాచేస్తారు. బావమరిది పంపిన నీలం ఫావ్రే-లూబాలో ఈ అక్షరాల పైసగం మాత్రమే కనిపించింది. నాకు మొదటి అనుమానం అక్కడే.

ఒక్క లోపం కనపడగానే దొంగ డయల్ అని తీర్పు చెప్పేయకండి. కంపెనీ సరుకులోనూ ప్రింటు కాస్త జరిగినవి ఉంటాయి. రెండు మూడు తప్పులు ఒకే డయల్ మీద కలిసినప్పుడే వదిలేయండి.

ముళ్లు చెప్పే సాక్ష్యం

ఐగ్లాస్ పట్టుకోవడం నేను నేర్చుకుంది నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర సందులో కూర్చునే ఒక పెద్దాయన దగ్గర. అద్దాల పెట్టె, ఎదురుగా టేబుల్ లైటు, పక్కన పెట్రోలు గిన్నె. ఒకరోజు నేను గర్వంగా తీసుకెళ్లిన వాచీని అర నిమిషం చూసి పక్కన పెట్టాడు. "డయల్‌కి రంగేస్తారు సామీ, ముళ్లకి ఎవడేస్తాడు? ముళ్లనడుగు" అన్నాడు.

ఐగ్లాసులో చూశాను. తళతళలాడే తెల్లటి డయల్, దాని మీద నిమిషాల ముల్లు. ముల్లు నడిమి గీత దగ్గర పూత లేచిపోయి, కింద ఇత్తడి పసుపు బయటపడింది. గంటల ముల్లు మొదట్లో తుప్పు గుంటలు, సూది మొనతో పొడిచినట్టు. ముళ్లకు అంత తేమ తగిలిందంటే, వాటికి అర మిల్లీమీటరు కింద ఉన్న డయల్‌కు తగలకుండా ఎలా ఉంటుంది? ఆ డయల్ అబద్ధమని ముళ్లే సాక్ష్యం చెప్పాయి.

దీన్నే తిరగేసి చూడండి. డయల్ పాతగా ఉండి ముళ్లు కొత్తగా ఉంటే ముళ్లు మార్చారన్నమాట. రెండూ మార్పులే అయినా తేడా చాలా ఉంది. సర్వీసుకు విప్పిన ప్రతిసారీ ముళ్లు పీకి మళ్లీ పెడతారు, వంగితే, విరిగితే వేరేవి వేస్తారు. సరైన రకం ముళ్లు రేపు దొరికితే మళ్లీ వేసుకోవచ్చు. కాబట్టి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను పాత డయల్, కొత్త ముళ్లు ఉన్నదే తీసుకుంటాను, ధర తగ్గించి.

ముళ్లు ఆ వాచీవేనా అన్నదానికి మొదట పొడవు చూడండి. మామూలు డయల్‌లో నిమిషాల ముల్లు మొన నిమిషాల గీతల దాకా పోవాలి, గంటల ముల్లు మొన గంట గుర్తు లోపలి అంచు దగ్గర ఆగాలి. నిమిషాల ముల్లు గీతలకు అరదూరంలో ఆగిపోయిందంటే, అది చిన్న వాచీలోంచి వచ్చింది. ఆకారం కూడా చూడాలి. గంటల ముల్లు కత్తిలా ఉండి నిమిషాల ముల్లు పుల్లలా ఉంటే అవి రెండు ఇళ్లవి. నీలం రంగు స్టీలు ముళ్లయితే అటూ ఇటూ వంచి చూడండి. వేడితో నీలంగా మార్చినవి ఒక కోణంలో దాదాపు నల్లగా, ఇంకో కోణంలో కరెంటు నీలంగా కనిపిస్తాయి. రంగు పూసినవి ఎటు చూసినా ఒకటే నీలం.

ఒక చిన్న మినహాయింపు ఉంది. స్టీలు ముల్లు, ఇత్తడి ముల్లు, లాకర్ పూసిన డయల్ ఒకే వేగంతో ముసలివి కావు. మన తేమకు స్టీలు ముందు దెబ్బతింటుంది. కాబట్టి ముళ్లు డయల్ కంటే ఒక మెట్టు పాతగా ఉండటం సహజమే. నాలుగు మెట్లు తేడా ఉంటేనే అడగాలి.

"రేడియం" వాచీలు

మన దగ్గర చీకట్లో మెరిసేదల్లా రేడియమే. బండి వెనక స్టిక్కరూ రేడియమే, వాచీ ముల్లూ రేడియమే. వాచీల విషయంలో ఈ పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అసలు రేడియం వాడింది దాదాపు 1960ల మొదటి దాకా. తర్వాత ట్రిటియం వచ్చింది. స్విస్ డయల్‌లో స్విస్ అన్న మాటకు అటూ ఇటూ ఇంగ్లిషు టీ అక్షరం కనిపిస్తే అది ట్రిటియం గుర్తు. 1990ల నుంచి లూమినోవా వచ్చింది, ఇందులో రేడియోధార్మికత లేదు, వెలుతురు తాగి చీకట్లో కక్కుతుంది.

ట్రిటియం సగం ఆయుష్షు 12.3 ఏళ్లు, అన్నేళ్లకోసారి అది సగానికి తగ్గుతుంది. అంటే 1975 వాచీలో వేసిన దాంట్లో ఇప్పటికి నాలుగు సగాలు గడిచి పదహారో వంతు మిగిలింది. రేడియానిది మరీ విచిత్రం. దాని సగం ఆయుష్షు 1600 ఏళ్లు, అది అలాగే ఉంటుంది, కానీ దాంతో కలిపిన మెరిసే పొడి ఎప్పుడో కాలిపోయింది. కాబట్టి పాత రేడియం ముల్లు మెరవదు, ప్రమాదం మాత్రం పోదు. 1920లలో అమెరికాలోని న్యూజెర్సీలో ఈ రంగు వేసే ఆడపిల్లలు కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుని దవడలు కుళ్లి చనిపోయారు. అలాంటి వాచీ చేతికి పెట్టుకోవడం వేరు, ఇంట్లో విప్పి ఆ పొడిని గీకడం వేరు. రెండో పని చేయకండి.

కొనేటప్పుడు మనకు పనికొచ్చేది ఇది: 1960లు, 70ల వాచీ అని చెప్పి, లైటు ఆర్పగానే ముళ్లు మిణుగురుల్లా తెల్లవార్లూ వెలిగితే అది తర్వాత పూసిన లూమినోవా. దొంగనోట్లు చూసే యూవీ లైటు కొట్లలో ఉంటుంది కదా, దాన్ని ఒక్క క్షణం డయల్ మీద వేసి తీయండి. పాత మెరిసే మందు వెలిగి వెంటనే ఆరిపోతుంది. కొత్తది వెలుగుతూనే ఉంటుంది. డయల్ మీది చుక్కలు ఆరిపోయి ముళ్లు వెలుగుతుంటే ముళ్లు మార్చినట్టు, లేదా వాటికి మందు మళ్లీ పూసినట్టు. డయల్ చుక్కల రంగు, ముళ్లలో మందు రంగు దగ్గర దగ్గరగా ఉండాలి, అచ్చుగుద్దినట్టు ఒకటే కానక్కర్లేదు. కొందరు కాఫీ డికాషన్ రంగు కలిపి కొత్త మందును పాతదిగా చూపిస్తారు. రంగుతో మోసపోయినా యూవీ లైటు కింద మోసపోం.

ఏ మచ్చకు సరే, ఏ మచ్చకు వద్దు

పాతబడటంలో మంచి పాతబడటం, చెడ్డ పాతబడటం ఉన్నాయి. ఊరగాయ మాగడానికీ బూజు పట్టడానికీ ఉన్నంత తేడా.

తెల్ల డయల్, వెండి డయల్ మొత్తం ఒకేలా మీగడ రంగుకో పలచటి తేనె రంగుకో తిరిగితే అది పై లాకర్ పసుపెక్కడం. దానికి భయపడక్కర్లేదు, నాకైతే ఇష్టం కూడా. నల్ల డయల్ ఎండకు గోధుమ రంగుకు మారితే సేకరించేవాళ్లు దాన్ని ట్రాపికల్ అని పిలిచి ఎక్కువ డబ్బిస్తారు. అందుకే ఓవెన్లో కాల్చి గోధుమ రంగు తెప్పించేవాళ్లూ తయారయ్యారు. ఎండకు మారిందో లేదో తెలియాలంటే అంచు చూడాలి. కేసు కింద ఇమిడిపోయిన అంచుకు ఎండ తగలదు, అక్కడ నలుపు మిగిలి ఉండాలి. అంచుతో సహా ఒకటే గోధుమ రంగు ఉంటే అది పొయ్యి చేసిన పని.

అంచున నాలుగైదు చుక్కలు తేమ వల్ల వచ్చినవి. అవి లాకర్ కింద ఉండి, చదునుగా ఉంటే అక్కడితో ఆగిపోయే అవకాశం ఎక్కువ, వెనక మూత వాషర్ కొత్తది వేయిస్తే చాలు. పూత పొట్టులా లేస్తుంటే కొంచెం ఆలోచించాలి, ఎందుకంటే సర్వీసులో ముళ్లు తీసేటప్పుడే ఆ పొట్టు రాలిపోతుంది. పచ్చటి చిలుము కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వద్దు. కింద ఇత్తడి తినేస్తోందని అర్థం. మెషిన్‌లోనూ అదే నడుస్తుంటుంది.

మన జిల్లాల్లో వాచీ ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా నేను అడుగుతాను. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో బతికిన వాచీకీ, కనిగిరి, మార్కాపురం వైపు పొడి నేల మీద బతికిన వాచీకీ ముఖంలోనే తేడా. తీరం వాచీలకు ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. కీ దిక్కు నుంచి, అంటే 3 పక్క నుంచి మచ్చ మొదలవుతుంది, తేమ ఆ కీ రంధ్రంలోంచే దూరుతుంది కాబట్టి. పడమటి వాచీలు పసుపెక్కుతాయి, వాటి మీద గీతలూ ఎక్కువే, చిలుము మాత్రం తక్కువ. మూడొంతులు కొత్తపట్నం మచ్చలతో ఉన్న కేసులో మార్కాపురం డయల్ కనిపిస్తే అది రెండు వాచీల కలయిక. ఇది నా కొలత, శాస్త్రం కాదు. నన్ను మాత్రం రెండుసార్లు కాపాడింది.

కంపెనీని బట్టి అనుమానం

హెచ్‌ఎంటీ వాచీలు 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలయ్యాయి. 2016లో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి డిమాండ్ పెరిగింది, దాంతోపాటు డయల్ వేసేవాళ్ల పనీ పెరిగింది. నల్ల డయల్ పైలట్ మోడల్‌ను ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగుల్లో చూస్తే మురిసిపోకుండా పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టండి. జనతాలో హిందీ అక్షరాల డయళ్లున్నాయి, ఇంగ్లిషువీ ఉన్నాయి. హిందీ డయల్‌కు ఇప్పుడు మోజు కాబట్టి ఆ అక్షరాల వంపులు, మందం ఒకటికి రెండుసార్లు చూడాలి. నమ్మకమైన ఒక జనతాను పక్కన పెట్టుకుని పోల్చడం కంటే మంచి దారి లేదు. మీ తాతదో మేనమామదో బీరువాలో ఉంటే తీయండి.

ఫావ్రే-లూబా 1737 నుంచి ఉన్న స్విస్ పేరు, మన దేశంలో ఒక తరం పెళ్లిళ్లలో అల్లుడికి పెట్టిన వాచీ. అందుకే మళ్లీ వేసిన డయళ్లూ వీటికి బోలెడు. ముదురు నీలం, గులాబీ, చిలకపచ్చ సీ కింగ్‌లు నేను చూసినవాటిలో ఒక్కటీ ఐగ్లాస్ ముందు నిలబడలేదు. మాసిన వెండి డయల్ దొరికితే ధర ఎక్కువైనా అదే తీసుకోండి.

సీకోలో పని తేలిక. వెనక మూత మీద నాలుగంకెలు, అడ్డగీత, మళ్లీ నాలుగంకెలు ఉంటాయి. మొదటి నాలుగు మెషిన్ నంబరు. డయల్ అట్టడుగున కంటికి ఆనీ ఆననంత అక్షరాల్లో కూడా నంబరుంటుంది, అందులో మొదటి నాలుగూ దీనితో కలవాలి. తర్వాతి అంకెలు కలవకపోయినా కంగారు పడొద్దు, వెనక ఉన్నది కేసుది, ముందున్నది డయల్‌ది. సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. 74తో మొదలైతే 1977 ఏప్రిలో 1987 ఏప్రిలో, మెషిన్‌ను బట్టి తేలుతుంది.

హైదరాబాద్ ఆల్విన్ వాచీల గురించి ఒక్కమాట. వాటికి పెద్దగా గిరాకీ లేదు కాబట్టి దొంగ డయల్ వేసే శ్రమ తక్కువమందే పడతారు. తక్కువ డబ్బులో అసలు డయల్, అసలు ముళ్లు ఉన్న వాచీ కావాలంటే అటు కూడా చూడండి.

మళ్లీ వేయించడం ఎప్పుడూ తప్పేనా?

కాదు. అమ్మడానికి కాకుండా ఇంట్లో గుర్తుగా ఉంచుకునే వాచీ, డయల్ మీద అక్షరం కూడా మిగల్లేదు, మనవడు పెట్టుకుని కాలేజీకి వెళ్లాలనుకుంటున్నాడు. వేయించుకోండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అయితే అదే రకం పాత డయల్ ఒకటి దొరికి వేసుకోగలిగితే అది ఇంకా మేలు, అసలుది కవర్లో పెట్టి దాచుకోవచ్చు. కొనే వాచీకి మళ్లీ వేసిన డయల్ ఉందని అమ్మేవాడు ముందే చెప్పి, ధర సగానికి తగ్గిస్తే అది కూడా నిజాయితీ బేరమే. దాచిపెట్టి ఒరిజినల్ అంటేనే నాకు మండుతుంది.

మండటానికి కారణం ఉంది. మా నాయన హెచ్‌ఎంటీ సోనా ఆగిపోతే ఒక షాపులో సర్వీసుకిచ్చాను. 4 అంకె పక్కన నెలవంకలా ఒక గోధుమ మరక ఉండేది దానికి. ఏ తుపానులోనో నీళ్లు దిగి అయిందని నాయన చెప్పేవాడు. వారం తర్వాత వెళితే షాపతను పేపర్లో చుట్టిన వాచీ విప్పి, "డయల్ బాగా పాడైపోయింది సార్, మేమే కొత్తగా వేయించాం, దానికి డబ్బులేం వద్దు" అన్నాడు నవ్వుతూ. పాలలాంటి తెలుపు. పాత డయల్ ఇవ్వమన్నాను. "ఇదే సార్ ఆ డయల్, దీని మీదే వేశాం" అన్నాడు. అతను మోసం చేయలేదు, మేలు చేశాననుకున్నాడు. స్లిప్పు మీద నేనే ఏమీ రాయించలేదు. అప్పటి నుంచి ఏ వాచీ ఇచ్చినా స్లిప్పు మీద డయల్, ముళ్లు ముట్టుకోవద్దని, తీసిన ప్రతి పాత ముక్కా తిరిగివ్వాలని రాయించి, ఇచ్చేముందు ఒక ఫొటో తీసుకుంటున్నాను.

ఫొటోలు చూసి కొంటున్నప్పుడు

ఎదురుగా ఒక ఫొటో పెట్టి "మింట్ కండిషన్" అనేవాళ్లను వీడియో అడగండి. కిటికీ పక్కన పగటి వెలుగులో వాచీని నెమ్మదిగా వంచుతూ తీసింది కావాలి. డయల్ లోహంలోంచి మెరుస్తుందో పైపైన మెరుస్తుందో అందులో తెలిసిపోతుంది. 6 కింది అక్షరాల దగ్గరి ఫొటో ఒకటి, వెనక మూత తీసి మెషిన్ ఫొటో ఒకటి అడగండి. అద్దం మీద గీతలకు భయపడకండి. పాత వాచీల్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్ అద్దాలే, టూత్‌పేస్టుతో రుద్దితే సగం గీతలు పోతాయి. గీతలున్న అద్దం కింద డయల్ బాగుంటే నాకు నమ్మకం పెరుగుతుంది, ఎవరూ చేయి పెట్టలేదని. కొత్త అద్దం, కొత్త పాలిష్, కొత్త డయల్ అన్నీ కలిసి వస్తేనే భయం.

ఇక బావమరిది మూడు వాచీలు. నీలం ఫావ్రే-లూబాలో స్విస్ మేడ్ అక్షరాలను కేసు సగం మింగేసింది, గంటల ముల్లు పొట్టిది, పైగా ఆ తళుకు కింద ముళ్ల మీద తుప్పు గుంటలు జూమ్ చేస్తే కనిపించాయి. వద్దన్నాను. సీకోలో నంబర్లు కలిశాయి, డయల్ అసలుదే, ముళ్లు మార్చారు. రోజూ పెట్టుకోవడానికి, తేదీ, వారం కావాలనుకుంటే అది మంచిదే, ముళ్ల పేరు చెప్పి ఒక వెయ్యి తగ్గించమని అడగొచ్చు. జనతాలో మీగడ రంగు డయల్, దానికి తగ్గట్టే మసకబారిన ముళ్లు, పూత అరిగిన కేసు. మూడూ ఒకే ఇంటివి. నా ఓటు దానికే.

"రొయ్యల చెరువు దగ్గరికి పెట్టుకుపోవచ్చా బావా?" అన్నాడు. ఈ మూడింటిలో ఏదీ వద్దు, దానికి ఎనిమిది వందల రబ్బరు బెల్టు వాచీ కొనుక్కో అన్నాను. కాస్త నొచ్చుకున్నాడు.

జనతానే తీసుకున్నాడు. రెండో రోజు ఫోన్ చేసి, "ఆ చుక్కలు తుడిపించమంటావా?" అని అడిగాడు. అద్దం మార్పించు, వాషర్ వేయించు, అంతే అని చెప్పాను. సాయంత్రం షాపు స్లిప్పు ఫొటో పంపాడు. షాపతని రాతలో "గ్లాస్ చేంజ్, వాషర్" అని ఉంది. దాని కింద వాడి చేతిరాతతో, రెండు గీతలు కొట్టి మరీ, "డయల్ ముట్టుకోవద్దు".